పది బండల దూరం

"అమ్మమ్మా, రేపు స్కూల్ వ్యాన్ లైసెన్సుకు మెడికల్ సర్టిఫికెట్ తేవాలె. ఆడ డాక్టర్ మనిషిని చూడకుండనే సంతకం పెడ్తడంట, పది నిమిషాల పని. తాత డ్రైవర్ పని చేసేటప్పుడు గూడ గిట్లనే ఉండెనా?"

చూడకుండనా? మనిషిని చూడకుండ కండ్లు మంచిగున్నయని ఎట్ల రాస్తడే? మనిషి లేకుండ పెండ్లి చేసినట్టు. కూసో, గిట్ల కూసో స్వప్నా. ఆ ఫోన్ పక్కకు పెట్టు. కాదు కాదు, పెట్టకు, ఏదో రికార్డు చేస్త అన్నవ్ గదా, చెయ్యి. మీ అమ్మకు గూడ ఇనిపియ్యి. ఆమెకు సగమే ఎర్క. సగం నేను చెప్పలే.

నేను దవాఖానల చేసిన అని నీకెర్కనే గదా. పెద్ద దవాఖాన గాదు, దబీర్‌పురాల మా గల్లీ చివరకు ఒక డాక్టర్ సాబ్ ఉంటుండె. రెండర్రల దవాఖాన. ఒక అర్రల సూదులు, మందులు. ఇంకో అర్ర పొడుగ్గ ఉంటుండె, గోడౌన్ లెక్క, అండ్ల డ్రైవర్ల పరీక్ష. లారీలోళ్లు, టెంపోలోళ్లు, టాక్సీలోళ్లు, పాతబస్తీల స్టీరింగు పట్టినోడు ఎవడైన లైసెన్సు మళ్ల చేపిచ్చుకోవాల్నంటే ఆ సాబు రాసిచ్చే చిట్టీ కావాలె. నేను ఊడ్చుడు, తుడ్చుడు, నీళ్లు నింపుడు, లైన్ల నిలబడ్డోళ్లను తిట్టుడు. ఆ ఆఖరి పని జీతం లేకున్నా చేస్తుంటి. డెబ్బైలల్ల ముచ్చట ఇది. నాకు అప్పటికి ముప్పై నిండలే. ఆ, నిండలే. ఈ ముచ్చట ఆఖరుకొచ్చేనాటికి మీ అమ్మ మూడేండ్లది.

మీ తాత లారీ నడుపుతుండె. కట్టెల అడ్డా సేఠు లారీ. మస్తు గర్వం ఉండె ఆయినకు. "యాదీ, నా కండ్లు గద్ద కండ్లు" అంటుండె. గద్ద కండ్లు! ఇంటి ముంగట మేకను కట్టేస్తే, దాన్ని మా ఆడిబిడ్డె అనుకొని "ఎప్పుడొచ్చినవే, కూసోరాదు" అన్న మనిషి. సరే, నేను జెర కలిపి చెప్తున్న. పొద్దుమీకింది, మేక గూడ జెర పెద్దదే. గాని అన్నడు, అది నిజం.

నాకు అప్పుడే తెలిసింది, ఈయిన చూపు పోతున్నదని. అన్నంల రాయి కనిపిస్తలేదు. ఎదురింటామెను నేననుకొని "చాయ్ పెట్టు" అన్నడు. ఆమె పెట్టిచ్చింది గూడ, మంచి మనిషి. ఇంగ నాకు ఒకటే ఫికర్. పరీక్ష దగ్గరికొస్తున్నది. సేఠు ఏడాదికోసారి చిట్టీ అడుగుతుండె. చిట్టీ లేకుంటే లారీ లేదు. లారీ లేకుంటే మాకు ఏమున్నది? నా ఊడ్చే పనికి వచ్చేది పాలకే సరిపోతుండె.

చష్మా పెట్టుకోవచ్చు గదా అంటున్నవా? అగో, నువ్వడుగుతవనే చూస్తున్న. అప్పుడు డ్రైవర్లల్ల ఒక మాట ఉండె, మొఖానికి చష్మా ఎక్కిందంటే చేతుల స్టీరింగు దిగినట్టే అని. అందరు అదే అంటుండ్రి. మూల మీది ఇరానీ హోటల్ల పదిహేను పైసల చాయ్ తాగుకుంట గదే ముచ్చట. ఒక్కొక్కడు చష్మా అంటే పామును చూసినట్టు చూస్తుండె.

ఇగ పరీక్ష ఎట్లుంటదంటే. గోడకు ఒక అట్ట. ఇంగ్లీషు అక్షరాలు గాదు, మనోళ్లకు సదువు రాదు గదా. దాని మీద దువ్వెనలు. మూడు పండ్ల దువ్వెన ఉన్నదనుకో, ఒకటి పండ్లు పైకి, ఒకటి కిందికి, ఒకటి ఇటు, ఒకటి అటు. పై వరసల పెద్దయి, కిందికి పోను పోను సన్నగయితయి. డాక్టర్ సాబు అట్ట పక్కకు కుర్సీ ఏసుకొని, పుల్లతోని ఒక్కొక్కటి సూపెడుతుంటడు. డ్రైవర్ ఇరవై అడుగుల దూరంల గీత మీద నిలబడి, దువ్వెన పండ్లు ఎటున్నయో చేత్తోని సూపియ్యాలె. బయటకొచ్చినోడు బయటున్నోళ్లకు నేర్పుతుండె. హోటల్ ముంగట చూడాల్నే, మీసాలోళ్లందరు నిలబడి పైకి, కిందికి, ఇటు, అటు అని చేతులు ఊపుతుంటే, పోయేటోళ్లు వీళ్లకు ఏమన్న పట్టిందా అని చూస్తుండ్రి.

గాని డాక్టర్ సాబు తక్కువోడా? మనిషి మనిషికి అట్టను తిప్పి తగిలిస్తుండె. ఇప్పుడు పైకున్నది పక్కకొస్తది, పక్కకున్నది కిందికొస్తది. కంఠస్తం చేసినోడు లోపలికి పోయి నాట్యం చేసినట్టు చేసి ఫెయిలైతుండె.

ఇంగ నేనేం చేయాలె? ఆలోచించిన. అట్ట సాబు చేతుల ఉన్నది. గీత ఎవరి చేతుల ఉన్నది? నా చేతులనే!

ఆ అర్రల కింద షాబాదు బండలు పరిచి ఉండె. ఒక్కో బండ రెండడుగులు. గోడ కాడికెంచి పది బండలు లెక్కపెట్టి గీత. ఏడాదికోసారి దసరాకు ముందట సున్నాలేసేటప్పుడు పాత గీత అరిగిపోతది గదా, మళ్ల సున్నంతోని గీసుడు నా పనే. ఆ ఏడు గీసేటప్పుడు, ఎట్లయితే అట్లాయె అని, తొమ్మిదో బండ కాడ గీసిన.

నవ్వకు. నవ్వితే చెప్ప.

మీ తాత పాసయిండు. ఇంటికొచ్చి "గద్ద కండ్లు" అన్నడు. నేను "అవునయ్యా, నీ లెక్క ఎవరికున్నయి" అన్న. మరుసటేడు ఎనిమిదో బండ. దాని మరుసటేడు గూడ ఎనిమిదే, భయమైంది, పెయింటర్ పక్కనే ఉండె. నాలుగో ఏడు ఏడో బండ. డాక్టర్ సాబుకు తెల్వలేదా అంటవ్. ఆయిన చష్మా చూస్తే సోడా సీసా అడుగు లెక్క ఉంటుండె బిడ్డా. అట్ట పక్కకు కూసున్నోనికి ఇటు చివర ఏం కనిపిస్తది? మనిషి ఉన్నడా లేడా అన్నది దగ్గు ఇని తెలుసుకుంటుండె.

ఒకనాడు సాబు నన్ను పిలిచి, "యాదమ్మా, మన పాతబస్తీ డ్రైవర్ల కండ్లు ఏడాదికేడాది మంచిగైతున్నయి! ఒక్కడు ఫెయిలైతలేడు. క్యా ఖాతే యే లోగ్?" అన్నడు. ఏం తింటున్నరని నన్నడిగితే? నా నోటికొచ్చింది చెప్పిన. "పొన్నగంటి కూర సాబ్" అన్న. కండ్లకు మంచిదంటరు గదా. ఇగ ఆ దినం సంది సాబు దగ్గొచ్చినోనికి, కాళ్ల నొప్పొచ్చినోనికి, అందరికి పొన్నగంటి కూర తినుమని చెప్పుడు. మా గల్లీల ఆకుకూరలమ్మే బాలమణి నన్ను చూసినప్పుడల్లా ఒక కట్ట ఊరికెనే ఇస్తుండె, గిరాకీ అంత పెరిగింది ఆమెకు. మీ తాతకు ఆ కూరంటే కోపం. రెండేండ్లు తిన్నడు పాపం.

అప్పుడు నాకు ఒకటి తోచలేదు చూడు. నేను జరిపింది మీ తాత ఒక్కని కోసం. గీత మాత్రం అందరిది. దాని మీద అందరు నిలబడ్డరు. నాకు ఆ బుద్ధి ఏడ పోయిందో.

ఎప్పుడొచ్చిందంటే, మా అక్క జల్‌పల్లిల ఉంటుండె, అప్పుడు ఇవన్ని కాలనీలు లేవు, రాళ్లు, తుప్పలు. అక్క కోడలు కన్న పిల్లను తొట్టెల ఏసే దినం. నేను మీ అమ్మను సంకనేసుకొని టెంపో ఎక్కిన. ముందట డ్రైవర్ పక్కకు కూసున్న. డ్రైవర్ ఎవరనుకున్నవ్? సత్తయ్య. పది దినాల ముందే మా దవాఖానల చిట్టీ తీసుకపోయిండు. పెద్ద మనిషి, తెల్ల మీసాలు, నన్ను చూసి "అక్కా, బాగున్నవా" అని టికెట్ గూడ అడగలే.

బండి కదిలింది. ఇంత దూరం పోయినంక ఆపిండు. కిటికీల తలకాయ పెట్టి "ఎక్కమ్మా, ఎక్కు, జల్ది ఎక్కు" అంటున్నడు. మేమందరం చూస్తున్నం. ఎవరు లేరు. "ఎక్కుతవా, ఎక్కవా? ఎర్ర చీరామె, నిన్నే!" అని లొల్లి. ఏందని చూస్తే, పోస్టు డబ్బా! రోడ్డు పక్కకు ఎర్రటి పోస్టు డబ్బా, దాన్ని పిలుస్తున్నడు. ఎనుకున్నోళ్లు ఒకటే నవ్వుడు. నేను గూడ నవ్విన. కండ్లెంబడి నీళ్లొచ్చేదాక నవ్విన. మీ అమ్మకు ఏం తెలుస్తది, నన్ను చూసి అది గూడ చప్పట్లు కొట్టుకుంట నవ్వుతున్నది.

ముందట రైలు గేటు ఉండె. ఏసి ఉన్నది. అడ్డం కట్టె దిగి ఉన్నది, ఇటు రెండు సైకిళ్లు ఆగి ఉన్నయి. నాకు కనిపిస్తున్నది. సత్తయ్య ఆపుతడు, ఇప్పుడాపుతడు అనుకుంటున్న. ఆపుతలేడు. సైకిలోళ్లు పక్కకు దుంకిన్రు. "గేటు! గేటేసిన్రు!" అని ఒర్లిన. అప్పుడు బిరేకు తొక్కిండు. కట్టెకు అద్దం టక్కుమని తగిలి బండి ఆగింది. ఆగిందో లేదో రైలు పోయింది. మా మొఖాలకు గాలి కొట్టింది. మీ అమ్మ నా పుస్తెలతాడు గట్టిగ పట్టుకొని బిగుసుకపోయింది, ఏడుపు గూడ వస్తలేదు దానికి.

"ఏందన్నా, గేటు కనిపించలేదా?" అన్న. అంటే ఆయిన ఏమన్నడో ఎర్కేనా? జేబు మీద కొట్టుకొని, "ఫికర్ చెయ్యకక్కా. నా కండ్లు ఫస్ట్ క్లాస్. మీ డాక్టర్ సాబే రాసిచ్చిండు" అన్నడు.

ఆడనే దిగిన. తొట్టెల లేదు, ఏం లేదు. మీ అమ్మను సంకన పెట్టుకొని ఇంటిదాక నడిసొచ్చిన. తొవ్వ పొడుగునా ప్రతి బండి నా మీదికే వస్తున్నట్టు ఉండె. ఆ లారీ డ్రైవర్ ఏ బండ కాడ నిలబడ్డడో, ఈ టాక్సీ ఆయిన ఏ బండ కాడ నిలబడ్డడో. మస్తు ఏడ్చిన బిడ్డా ఆ దినం. నీకు చెప్తే ఏముంది ఇప్పుడు.

తెల్లారి ఎవరు రాకముందే దవాఖానకు పోయిన. ఇటుక ముక్క, చింతపండు పెట్టి ఏడో బండ మీది గీతను రుద్దిన రుద్దుడు చేతులు పొక్కినయి. పదో బండ కాడ కొత్తది గీసిన. గీసినంక గుర్తొచ్చింది, మీ తాత పరీక్ష వచ్చే సోమారమే. ఒక్క వారమున్నది.

చెప్పిన్నా? చెప్పలే. చెప్తే ఏమంటడోనని భయం. ఆ వారమంత పొద్దుమాపు పొన్నగంటి కూరనే పెట్టిన. ఏం చేయాలె మరి. వారంల కండ్లొస్తయా అని నువ్వు నవ్వుతున్నవ్, నాకు గూడ ఎర్కనే, రావని.

ఆ వారం పరీక్షకొచ్చినోళ్లల్ల సగం మంది ఫెయిల్. డాక్టర్ సాబు పరేషాన్. "పొన్నగంటి కూర మానేసిన్రా?" అని ఒక్కొక్కన్ని అడుగుతున్నడు. సోమారం మీ తాత వచ్చిండు. తలకు నూనె రాసుకొని, ఇస్త్రీ అంగీ ఏసుకొని, పెండ్లికొడుకు లెక్క. గీత మీద నిలబడ్డడు. సాబు పుల్ల పెట్టిండు. మీ తాత చెయ్యి పైకి సూపిచ్చిండు. దువ్వెన కిందికున్నది. ఇంకోటి. ఇటు అన్నడు, అటున్నది. ఇంకోటి. చెయ్యి లేపి, ఎటు పెట్టాల్నో తెల్వక గట్లనే గాలిల పట్టుకున్నడు. నాకు చీపురు చేతులనే ఉన్నది, ఊడుస్తలేను.

"ఫెయిల్" అన్నడు సాబు.

మీ తాత ఒప్పుకుంటడా? "సాబ్, గీత జరిగింది" అన్నడు. "గీతకు కాళ్లున్నయా, జరుగుడు ఏంది?" అన్నడు సాబు. "నేను ఏడాదికోసారి ఈడనే నిలబడుతున్న. పోయినేడు గోడకున్న ఆ మేకు నా భుజం కాడనే ఉండె. ఇయ్యాల ఏడనో ముందట ఉన్నది. నేను డ్రైవర్ను సాబ్, నా పక్కపొంటి ఏమున్నదో నాకు తెల్వదా?" అన్నడు. అట్ట కనిపిస్తలేదు గాని మేకు కనిపించింది చూడు! ఇగ బయటున్న ఫెయిలైనోళ్లందరు లోపలికొచ్చిన్రు. గీత జరిగింది, గీత జరిగింది అని లొల్లే లొల్లి. సాబు టేపు తెప్పిచ్చిండు. ఒకడు ఆ కొస, ఒకడు ఈ కొస. ఇరవై అడుగులు. ఇంచు అటు లేదు, ఇటు లేదు.

సాబు మెల్లగ అన్నడు, "గీత సరిగ్గనే ఉన్నది. మరి నిన్నమొన్నటిదాక ఏడ ఉండె?"

నేను ఊకుంటే ఊకోవచ్చు. ఎవరికెర్క? గాని ఆ రైలు గాలి నా మొఖం మీద ఇంకా ఉన్నట్టే ఉండె. "ఏడో బండ కాడ ఉండె సాబ్. నేనే జరిపిన. నా పెనిమిటి కోసం" అన్న.

మీ తాత కోపంగ నా దిక్కు తిరిగి కండ్లెర్రజేసిండు. ఎర్రజేసిండు గాని, నా దిక్కు గాదు. సాబు తెల్ల కోటు మేకుకు తగిలేసి ఉంటే, దాని దిక్కు. కోటును పట్టుకొని "ఎంత పని చేసినవే యాదీ" అంటున్నడు. ఆ కోపంల గూడ నలుగురు నవ్విన్రు. నేను నవ్వలే. ఆ దినం నాకు నవ్వు రాలే.

డాక్టర్ సాబు లేచిండు. నన్ను ఎల్లగొడ్తడనుకున్న. నడుసుకుంట వచ్చి గీత మీద తనే నిలబడ్డడు. "తిప్పు అట్టను" అన్నడు. నేను తిప్పిన. పుల్ల పెట్టిన. చష్మా పెట్టుకొని గూడ మూడో వరస చెప్పలేకపోయిండు మనిషి! ఎనుకకు మర్లి, "మనమందరం చష్మాల దుకాణానికి పోవాలె" అన్నడు. డ్రైవర్లు గొల్లుమన్నరు, చష్మా పెడ్తే లైసెన్సు పోతది గదా సాబ్ అని. "ఎవరు చెప్పిన్రు? చష్మా పెట్టుకొని ఈ వరస చదివితే నేనే రాసిస్త చిట్టీ" అన్నడు. ఒకని మొఖం ఒకడు చూసుకున్నరు. ఎవరు చెప్పిన్రు? ఎవరు చెప్పలే. చాయ్ హోటల్ల పుట్టిన మాట. ఆ మాటకు భయపడి నేను నాలుగేండ్లు గీత జరిపిన.

సాబు నాకు ఏసిన సజా ఏంటిదంటే, ఆ నాలుగేండ్లల్ల చిట్టీ తీసుకపోయినోళ్లందరి ఇండ్లకు నేనే నా కాళ్లతోని తిరిగి, మళ్ల పరీక్షకు రమ్మని చెప్పాలె. తిరిగిన. కొందరు తిట్టిన్రు, కొందరు చాయ్ పోసిన్రు. సత్తయ్య కండ్లల్ల పొర బాగ ముదిరింది. ఆపరేషన్ చేసినా ఓనరు మళ్ల బండి చేతికియ్యలే. పాన్ డబ్బా పెట్టుకున్నడు. నన్ను చూస్తే మొఖం తిప్పుకుంటుండె, పోయేదాక గట్లనే. నేనేమంటనే? ఆయిన కోపం ఆయినది.

మీ తాత మూడు దినాలు నాతోని మాట్లాడలే. నాలుగో దినం చష్మా పెట్టుకొని ఇంటికొచ్చిండు. గడపల నిలబడి నన్ను ఎగాదిగా చూసిండు. "యాదీ, నీకు తెల్లెంట్రుకలు ఎప్పుడొచ్చినయే?" అన్నడు. "నీకు కండ్లు పోయినప్పుడే వచ్చినయి" అన్న. నవ్విండు. నవ్వి, కూసొని, మెల్లగ అన్నడు, "నన్ను నాలుగేండ్లు గుడ్డోన్ని చేసి రోడ్డు మీదికి తోలినవే. ఎవరినన్న గుద్దితే? ఎవరి పిల్లనో?" మీ అమ్మ అప్పుడు ఆయిన ఒళ్లె కూసొని ఆ చష్మా గుంజుతున్నది.

అందుకే చెప్తున్న. నువ్వు నడిపేది పిల్లల వ్యాను. చూడకుండ సంతకం పెట్టెటోని కాగితం నాకొద్దు, నీకొద్దు. మంచి డాక్టర్ కాడికి పో. ఆయిన చూస్తలేడంటే, చూసేదాక ఆడనే కూసో.

అగో, లే. లే అంటున్న. వరండల చూడు, కింద చాక్‌పీసుతోని గీత కనిపిస్తున్నదా? నీ లైసెన్సు ముచ్చట మీ అమ్మ నిన్ననే చెప్పింది, పొద్దుగాల్నే గీసిన. ఇయ్యి రెండడుగుల టైల్సే, పది లెక్కపెట్టిన, రెండుసార్లు. ఆ గోడకు క్యాలెండర్ ఉన్నది. పో, గీత మీద నిలబడు. కింది వరసల తారీఖులు చదువు.

ఊ... చదువు... ఏయ్! కాలు, కాలు ఎన్కకు! బొటనవేలు గీత దాటింది. నా కాడనే? నేను ఈ పనిల నీకంటే యాభై ఏండ్లు సీనియర్నే పోరీ!

ఆ, గట్ల. సరిగ్గ నిలబడు. ఇప్పుడు చదువు... ఊ... ఇరవై రెండు... ఇరవై మూడు... మంచిగ చదువుతున్నవ్. సల్లగుండు నా తల్లి. నీ బండెక్కిన పిల్లలందరు సల్లంగ ఇంటికి చేరాలె. ఊ, ఆపకు, చదువు, ఇరవై నాలుగు...